లోపల ఉన్నవారు: ఒకరు

గేటు దగ్గరి యంత్రం కుయ్యిమని అరిచి ఎర్ర దీపం వెలిగించింది. రికార్డమ్మ కార్డు వెనక్కి తీసుకుని, చేతిరుమాలుతో తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ అదే కూత, అదే ఎరుపు.

"తిప్పి పెట్టండమ్మా. ఆ బంగారు రంగు ముక్క ఉందే, అది కిందికి రావాలి," అన్నాడు పొద్దుటి గార్డు. సైన్యంలో ఇరవై ఏళ్లు చేసి వచ్చి ఇక్కడ కుర్చీలో కూర్చున్న మనిషి, కంగారన్నది ఎరగడు.

తిప్పి పెట్టింది. ఎరుపే. వెనక వరసలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

గార్డు తన ముందున్న తెర మీదికి వంగి చదివాడు. నవ్వాలో మానాలో తెలియని మొహం పెట్టాడు. "మీరు లోపలే ఉన్నారటమ్మా."

"ఎవరు?"

"మీరే."

"నీ ఎదురుగా నిలబడ్డాను కదయ్యా!"

"నాకు కనబడుతూనే ఉన్నారు. దానికి కనబడాలి కదా. పదకొండు రోజుల కిందట పొద్దున తొమ్మిదింటికి లోపలికెళ్లారట. ఇంతవరకూ బయటికి రాలేదట. లోపలున్న మనిషి మళ్లీ లోపలికెలా వస్తుందని దాని అనుమానం. దాని తెలివి దానిది."

వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. రికార్డమ్మ నవ్వలేదు. నవ్వితే కుట్లు లాగుతాయి. గార్డు లేచి, జేబులోని తాళంచెవితో పక్కనున్న కమ్మీల తలుపు తెరిచి, "వెళ్లండి, వెళ్లండి. మిమ్మల్ని ఎవరెత్తుకుపోతారు," అన్నాడు.

సైనికుల సర్వీసు రికార్డులన్నీ భద్రపరిచే నాలుగంతస్తుల ఆఫీసు అది. నెలన్నర కిందటి దాకా గేటు దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టి లోపలికి పోయేవాళ్లు. ఇప్పుడు అందరికీ చిప్పు కార్డులొచ్చాయి. యూనిఫారం వాళ్లకి ఆకుపచ్చ గీత, సివిల్ ఉద్యోగులకి నీలం గీత. లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికొచ్చేటప్పుడు ఒకసారి యంత్రం మీద పెట్టాలి. లోపల ఎంతమంది ఉన్నారో గేటు దగ్గరి తెర మీద అంకె పడుతుంది. సాయంత్రం ఆ అంకె సున్నా అయితేనే భవనానికి తాళం వేయాలి. కాకపోతే వెంటనే పైకి చెప్పాలి. ఈ సంగతి సర్క్యులర్ల మీద సర్క్యులర్లు ఇచ్చి మరీ చెప్పారు.

ఆ రోజు రికార్డమ్మ గేటులోంచి బయటికి రాలేదు. మధ్యాహ్నం మూడింటప్పుడు కడుపులో కత్తి దింపినట్టు నొప్పి వచ్చి, మెట్లెక్కలేక, ఫైళ్ల పెట్టెలు దించే ర్యాంపు మీదుగా బయటపడింది. పెట్టెలు దించి వెళ్లిపోతున్న లారీ డ్రైవరు ఆమె వాలకం చూసి, తన పక్కన ఎక్కించుకుని ఆస్పత్రిలో దింపాడు. "పైన సూపరింటెండెంటు గారితో ఒక్క మాట చెప్పు నాయనా," అంది. "చెప్తానమ్మా," అన్నాడు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి పిత్తాశయం తీసేశారు. చీము పట్టింది కాబట్టి నిన్న ఆదివారం దాకా ఉంచుకున్నారు. ఆ పదకొండు రోజులూ ఫోను దిండు పక్కనే పెట్టుకుంది. అది మోగలేదు. తను చేయొచ్చు. ఎవరు ముందు అడుగుతారో చూద్దామని పంతం పట్టి పడుకుంది. ఇలాంటి పంతాలు ఒంటికి మంచివి కావు గానీ, ఒంటరివాళ్లకి వేరే కాలక్షేపం ఏముంటుంది? ఇంకో వారం ఇంటి దగ్గర పడుకోమన్నారు డాక్టర్లు. ఇంట్లో పడుకుని ఎవరి మొహం చూడాలి? పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది.

రికార్డు గది నేలమాళిగలో ఉంది. పై సెక్షన్ల వాళ్లు కావలసిన ఫైలు నంబరు చీటీ మీద రాసి, గోడలో ఉన్న చిన్న తాళ్ల లిఫ్టులో పడేసి కిందికి వదులుతారు. రికార్డమ్మ ఫైలు తీసి, దుమ్ము దులిపి, ఊడిన ట్యాగు ఉంటే కట్టి, లిఫ్టులో పెట్టి గంట కొట్టి పైకి లాగుతుంది. అందువల్ల ఎవరూ మెట్లు దిగి రావాల్సిన పని లేదు. రారు కూడా.

గదిలో దీపాలు ఆర్పేసి ఉన్నాయి. తను ఆర్పలేదే అనుకుంది గానీ, దాని మీద మనసు నిలపలేదు. లిఫ్టు తలుపు తెరవగానే చీటీలు జలజలా నేల మీద రాలాయి.

వంగలేక స్టూలు లాక్కుని కూర్చుని, స్కేలుతో ఒక్కొక్కటే దగ్గరికి లాక్కుని ఏరింది. చేతికి అలవాటైన పని కాబట్టి తేదీల వారీగా పేర్చింది. మొత్తం అరవై నాలుగు. మొదటి రెండు రోజులవీ మామూలు చీటీలు, నంబరు, సెక్షను, పొట్టి సంతకం. మూడో రోజు నుంచి "రెండోసారి" అని పైన రాయడం మొదలుపెట్టారు. తరవాత "అర్జంటు", దాని కింద రెండు గీతలు. "రికార్డమ్మా, నిద్రపోతున్నారా?" అని ఒకరు. "మీతో మాకు రోజూ ఈ గోలేనా" అని ఇంకొకరు. "మీ మీద పైకి రాయాల్సి వస్తుంది" అని మూడో అంతస్తు వాళ్లు. ఆఖరి చీటీలో ఫైలు నంబరే లేదు, పెద్దక్షరాలతో తిట్టు మాత్రం ఉంది.

అరవై నాలుగు సార్లు ఆమెని తలుచుకున్నారన్నమాట. ఒక్కరికీ పద్దెనిమిది మెట్లు దిగి చూద్దామని తోచలేదు. చీటీల కట్టని ఒళ్లో పెట్టుకుని దారం చుట్టింది. ఏడుపు రాలేదు.

*

"వచ్చారా తల్లీ! ఇప్పటికి దయ కలిగిందా?" అన్నాడు సూపరింటెండెంటు. చెడ్డవాడు కాడు. రోజంతా ఎవరో ఒకరి చేత తిట్లు తింటూ, సాయంత్రానికి వాటిని ఇంకొకరికి పంచిపెట్టే ఉద్యోగం అతనిది.

"నేను లేను సార్."

"ఎక్కడ లేరు?"

"ఇక్కడే. ఆస్పత్రిలో ఉన్నాను. లారీ డ్రైవరు చెప్పలేదా?"

"ఏ లారీ డ్రైవరమ్మా? వాళ్ల కాంట్రాక్టు మారిపోయి వారం దాటింది!" అతను తన కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు. "ఇదిగో చూడండి. హాజరు, హాజరు, హాజరు. మధ్యలో రెండు ఆదివారాలు వస్తే వాటికీ హాజరే. ప్రభుత్వానికి ఇంత సేవ చేసినవాళ్లని నా సర్వీసులో చూడలేదు."

"అది తప్పు సార్. నేను ర్యాంపు మీంచి వెళ్లిపోయాను. కార్డు పెట్టలేదు."

అతని చెయ్యి అప్పటికే సొరుగులోకి వెళ్లింది. కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. మెమో. కార్యాలయంలో హాజరై ఉండి కూడా పదకొండు రోజుల పాటు ఒక్క ఫైలూ ఇవ్వకుండా విధులు నిర్లక్ష్యం చేసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసింది.

"అన్ని సెక్షన్లూ కలిసి నా ప్రాణం తీశాయి," అన్నాడు. "నా మాట వినండి. ఒంట్లో బాగాలేక పని సాగలేదు, మన్నించండి అని రెండు ముక్కలు రాసివ్వండి. చిన్న మందలింపుతో పోతుంది. పదకొండు రోజుల సెలవు మిగిలింది కదా, ఎగిరి గంతేయాల్సింది పోయి ఆ మొహమేంటి?"

"ఎర్ర సిరా పడుతుందా?"

"ఒక్క లైను. మీకింక పద్నాలుగు నెలల సర్వీసుంది. ఎవరు చూడొచ్చారు?"

ఎవరు చూస్తారో ఆమెకి తెలిసినంతగా అతనికి తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె చేతుల్లో నడిచినవి సర్వీసు పుస్తకాలే. నీలం సిరాలో సాగిపోయే ఒక బతుకులో ఎక్కడో ఒక్క ఎర్ర లైను ఉంటే, కన్ను నేరుగా అక్కడికే పోతుంది. మిగతాదంతా చదివే ఓపిక ఎవరికీ ఉండదు. తన పుస్తకంలో ఇంతవరకూ అలాంటిది లేదు. చెప్పుకోవడానికి ఆమెకున్నది అదొక్కటే.

కానీ అంతకంటే బాధగా ఉన్నది వేరే. ఒక మనిషి పదకొండు రోజులు లేకుండా పోతే, లేదన్న సంగతి ఒక్కరికైనా తెలియాలి కదా. తెలియలేదు, సరే. కనీసం కాగితం మీదైనా ఉండాలి. ఉన్నానని రాసుకుని, పైగా పని ఎగ్గొట్టానని తిడతారా?

"నేను లేనని రాయండి సార్," అంది. "ఆస్పత్రి కాగితం నా దగ్గరుంది. లేనని రాస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు."

"నేను రాస్తే అయిపోతుందా? ఆ యంత్రం మాట కాదనాలంటే మేజర్ గారు విచారణ పెట్టాలి. గేటు వాళ్ల మెడకి చుట్టుకుంటుంది. రోజూ తెర మీద ఒకరున్నట్టు కనబడుతుంటే, భవనం ఖాళీ అని రిజిస్టర్లో సంతకం ఎలా పెట్టారని అడుగుతారు."

"అడగనివ్వండి. ఎవరో ఒకరు చూడాల్సిన పనే కదా అది."

మంగళవారం పొద్దున ఆమె తన గుండ్రటి అక్షరాలతో ఫిర్యాదు రాసి ఇచ్చింది. తాను ఆఫీసులో లేకపోయినా పదకొండు సాయంత్రాలు తెర మీద ఒక మనిషి మిగిలిపోయినట్టు కనబడుతున్నా గేటు సిబ్బంది పట్టించుకోలేదనీ, తాను లోపల పడిపోయి ఉంటే ఏమయ్యేదనీ, దీనికి బాధ్యులెవరో తేల్చాలనీ అందులో ఉంది. రుజువులు విచారణలో చూపిస్తానని కింద రాసింది. రాసేటప్పుడు చేతికి ఎక్కడలేని బలం వచ్చింది. సూపరింటెండెంటు చదివి, "మీరు ఇంతింత మాటలు రాయగలరని తెలియదమ్మా," అన్నాడు. సాయంత్రానికి విచారణ గురువారం పదకొండింటికని కబురొచ్చింది.

*

బుధవారం మధ్యాహ్నం రెండింటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

రికార్డమ్మ ఫైలుకి దారం కడుతూ ఆగిపోయింది. ఈ మెట్ల మీద తనవి కాని అడుగులు విని చాలా కాలమైంది. బరువైన బూట్లు, ఒక్కో మెట్టు మీదా కాస్త తటపటాయిస్తున్నాయి. గుమ్మంలో ఖాకీ చొక్కా కనబడింది. సాయంత్రం గేటు దగ్గరుండే ఆడ గార్డు. నలభై ఏళ్లుంటాయి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. రోజూ ఆరింటికి ఆమె ముందునుంచే వెళ్తున్నా, యంత్రం మీద చూపు తప్ప మనిషి మీద తను చూపు పెట్టిన గుర్తు లేదు.

"నా డ్యూటీ మూడింటికి మేడం. ముందే వచ్చాను. ఒక్క మాట అడిగి పోదామని."

"కూర్చో."

కూర్చోలేదు. టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడింది. "రేపు నన్నూ పిలిచారు. మీరు ఆస్పత్రి కాగితం చూపించండి. చూపించాలి కూడా, లేకపోతే మీకే దెబ్బ. నేను ఒక్కటే అడుగుతున్నాను. నాకు ముందే తెలుసన్న సంగతి మాత్రం చెప్పకండి. తెలియక పొరపాటు చేసిందంటే గట్టిగా తిట్టి వదిలేస్తారేమో. తెలిసి పైకి చెప్పలేదంటే ఆ రోజే పంపేస్తారు. మావి కాంట్రాక్టు ఉద్యోగాలు."

"ఏం తెలుసు నీకు?"

గార్డు ఆమె మొహంలోకి చూసింది. "టైలరు గారు చెప్పలేదా? నేను మీ ఇంటికొచ్చానని?"

రికార్డమ్మ ఇంటి పక్క వాటాలో టైలరు ఉంటాడు. ఆదివారం తను ఇల్లు చేరేసరికి అతని తలుపుకి తాళం ఉంది. ఇంకా ఊరినుంచి రాలేదు.

"మొదటి రోజు సాయంత్రం అందరూ వెళ్లిపోయారు, అంకె ఒకటి దగ్గర ఆగిపోయింది," అంది గార్డు. "నొక్కి చూస్తే మీ ఫొటో వచ్చింది. ఇంకా పనిలో ఉన్నారేమో అని అరగంట చూశాను. తరవాత టార్చి తీసుకుని నాలుగంతస్తులూ తిరిగాను. బాత్రూముల్లో చూశాను, బల్లల కింద చూశాను. ఇక్కడ దీపాలు వెలుగుతున్నాయి, కళ్లజోడు బల్ల మీదుంది, మీరు లేరు. ఈ అరల మధ్యలో ఎక్కడైనా పడిపోయారేమో అని చివరిదాకా పిలుచుకుంటూ వెళ్లాను."

"ఏమని పిలిచావు?"

"పేరు పెట్టే. తాళాల రిజిస్టర్లో చూశాను. అందరూ అంటారని నేను రికార్డమ్మా అని అరిస్తే ఏం బాగుంటుంది?"

ఆ పేరుతో తనని పిలిచే మనుషులు ఒక్కొక్కరే పోయారు. చివరి మనిషి పోయి కూడా ఎన్నో ఏళ్లయింది. ఖాళీ గదిలో, ఈ ఇనుప అరల మధ్య, ఎవరో గొంతెత్తి ఆ పేరు పిలిచారు. ఆ పిలుపు వినడానికి తను లేదు. రికార్డమ్మకి ఇప్పుడు ఏడుపొచ్చింది. దారం ముడి చూస్తున్నట్టు తల వంచుకుంది.

"అదే రిజిస్టర్లో మీ అడ్రసుంది. మర్నాడు డ్యూటీకి ముందు వచ్చాను. టైలరు గారు ఆస్పత్రి పేరు చెప్పారు. ఎవరో నర్సు వచ్చి మీ బట్టలు తీసుకెళ్లిందట కదా. అక్కడికీ వచ్చాను. ఏమవుతారు అని అడిగారు. ఏం చెప్పను? ఆఫీసు గేటు దగ్గర చూస్తుంటానని చెప్పాను. చుట్టాలైతేనే లోపలికి పంపుతామన్నారు. తలుపుకున్న అద్దంలోంచి చూశాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఊపిరి తీస్తున్నారు. అది చూసి వచ్చేశాను."

"మరి పైకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ కార్డు ఆపేస్తారు. ఏడు రోజులు చెప్పకుండా రాకపోతే ఉద్యోగం వదిలేసినట్టేనని రాసేస్తారు. ఈ కార్డులు రాకముందు తోటమాలికి అలాగే చేశారు, పాపం, ఆరునెలలు తిరిగాడు. మీరు సెలవు పెట్టారో లేదో నాకు తెలియదు. పైన అడిగితే గుట్టు బయటపడుతుంది. మీరొచ్చేదాకా ఎలాగోలా లాక్కొద్దామనుకున్నాను. లోపల మనిషి లేదని నాకు ఖాయంగా తెలుసు కదా. ఖాళీ అని రాశాను. అది అబద్ధం కాదు కదా మేడం?"

"కాదు."

"యంత్రం ఒకటంటుంది, నేను ఖాళీ అంటాను. పదకొండు రోజులు దానితో నాకు ఇదే తగువు." గార్డు నవ్వబోయి మానేసింది.

రికార్డమ్మకి తను రాసిన ఫిర్యాదు అక్షరం అక్షరం గుర్తొచ్చింది. పట్టించుకోలేదని రాసింది. బాధ్యులెవరో తేల్చాలని రాసింది. భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

"ఆ లెక్కలో నువ్వూ ఉంటావా?" అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నేనా? మాకు కార్డులెక్కడివి మేడం? కాంట్రాక్టు వాళ్లకి కాగితం పాసే, నెలకోసారి ముద్ర వేయించుకోవాలి. యంత్రానికి మేం లెక్కలోకి రాం. అందరూ వెళ్లి సున్నా పడ్డాక నేను లోపలికెళ్లి కిటికీలు వేసుకుని, దీపాలార్పుకుని వస్తాను." గోడ గడియారం చూసి టోపీ పెట్టుకుంది. "వస్తాను. మీ కళ్లజోడు సొరుగులో పెట్టాను, దుమ్ము పడుతుందని. చూసుకున్నారా?"

బూట్ల చప్పుడు మెట్లెక్కి వెళ్లిపోయింది. లిఫ్టు గంట రెండుసార్లు మోగింది. రికార్డమ్మ లేవలేదు.

*

మేజర్ గారి గదిలో నాలుగు కుర్చీలున్నా, గార్డు గోడ దగ్గర నిలబడే ఉంది. సూపరింటెండెంటు కాగితాలు సర్దుకుంటున్నాడు. రికార్డమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆస్పత్రి కాగితం ఆ సంచిలోనే ఉంది.

మేజరు వయసులో చిన్నవాడు, మాట నెమ్మది. "మీ ఫిర్యాదు చదివాను," అన్నాడు. "చాలా పెద్ద విషయం ఇది. పదకొండు రోజులు మీరు ఆఫీసుకి రాలేదంటున్నారు. రుజువు తెచ్చారా?"

గార్డు గోడ వైపు చూస్తోంది.

"లేదు సార్," అంది రికార్డమ్మ. "నేను వచ్చాను."

సూపరింటెండెంటు చేతుల్లోని కాగితాలు ఆగిపోయాయి.

"వచ్చారా?"

"రోజూ వచ్చాను. పైకి మెట్లెక్కి గేటు దాకా నడవడం కష్టంగా ఉండి ర్యాంపు మీంచి వచ్చిపోయాను. కార్డు పెట్టలేదు. ఆదివారాలు మాత్రం రాలేదు, అది యంత్రం పొరపాటు కాదు, శనివారం నేను బయటికి పెట్టకపోవడం వల్ల అలా పడింది."

"మరి రాలేదని ఎందుకు రాశారు?"

"మెమో ఇచ్చారని కోపమొచ్చింది సార్. తప్పించుకుందామని రాశాను."

"అంటే ఇక్కడే ఉండి, అన్ని రోజులు ఒక్క ఫైలూ తీయలేదు?"

ఈ ప్రశ్న వస్తుందని రాత్రంతా అనుకుంటూనే ఉంది. "బద్ధకించాను సార్."

సూపరింటెండెంటు ఆమె వైపు చూశాడు. కడుపుకి అడ్డంగా పెట్టుకున్న ఆమె చేతిని చూశాడు. మళ్లీ కాగితాల్లోకి తల దించుకున్నాడు. అతనికి అర్థమైందో లేదో గానీ, ఒక పెద్ద తలనొప్పి వదిలిందన్న తేలిక మాత్రం మొహంలో కనబడింది.

మేజరుకీ ఊపిరి తిరిగినట్టుంది. కొత్త కార్డుల పద్ధతిలో లోపమేమీ లేదని పైకి రాసుకోవచ్చు. అయినా వదల్లేదు. "సాయంత్రాలు మీరు వెళ్లడం ఎవరైనా చూశారా?"

"ఆ అమ్మాయి చూసింది. గేటు పక్కనుంచే కదా వెళ్లాలి. రోజూ చెప్పే వెళ్లాను. అందుకే ఖాళీ అని రాసుకుంది. ఆమె తప్పేం లేదు."

మేజరు గోడ వైపు తిరిగాడు. "నిజమేనా? రోజూ చెప్పి వెళ్లేదా?"

గార్డు ఒక్కసారి రికార్డమ్మ వైపు చూసింది. "అవును సార్."

"ఏమని చెప్పేది?"

రికార్డమ్మ సంచి పిడిని గట్టిగా పట్టుకుంది. ఇది ఆమె ముందుగా అనుకోలేదు.

"వెళ్లొస్తానమ్మా అనేవారు సార్," అంది గార్డు నెమ్మదిగా.

"అంతేనా?"

"తిన్నావా అని అడిగేవారు. ఒక రోజు మబ్బు పట్టింది, గొడుగు తెచ్చుకున్నావా అన్నారు. లేదంటే, తనది ఇచ్చి వెళ్లబోయారు, నేనే వద్దన్నాను." గొంతు కాస్త సర్దుకుంది. "రెండు మూడు రోజులు మొహం బాగా పీక్కుపోయి ఉంది. ఏంటక్కా అని అడిగితే కడుపులో నొప్పన్నారు. డాక్టరుకి చూపించుకోమన్నాను. వింటేనా! ఇంకోసారి గట్టిగా కోప్పడ్డాను కూడా."

రికార్డమ్మ కదలకుండా వింది. ఒక్కటీ జరగలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ గేటు దగ్గరా ఎవరినీ తిన్నావా అని ఆమె అడిగింది లేదు. ఎవరూ ఆమెని కోప్పడిందీ లేదు. జరిగి ఉంటే ఎంత బాగుండేది! ఆ సాయంత్రాలన్నీ నిజంగా ఉంటే, సర్వీసు పుస్తకం నిండా ఎర్ర సిరా పోసుకోనిచ్చేది.

"సరే," అన్నాడు మేజరు. ర్యాంపు వాడినందుకు, పని నిర్లక్ష్యం చేసినందుకు, తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు ఆమెకి మందలింపు, సర్వీసు పుస్తకంలో నమోదు. గార్డుకి నోటి హెచ్చరిక, ఇకముందు కంటితో చూసినా సరే, అంకె తేడా వస్తే కబురు చేయాలి. సూపరింటెండెంటు వాంగ్మూలం టైపు చేయించి తెచ్చాడు. ఆదివారాలు పోను ఆ రోజులన్నీ నేను కార్యాలయంలోనే ఉన్నాను అన్న వాక్యం కింద రికార్డమ్మ సంతకం పెట్టింది. దాని కింద సాక్షిగా గార్డు పెట్టింది, అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ.

బయటి వరండాలో ఇద్దరూ కాసేపు పక్కపక్కన నడిచారు. "నాకోసం ఎందుకు చేశారు" అనైనా అడుగుతుందనుకుంది రికార్డమ్మ.

"ఆ గొడుగు సంగతి ఎక్కువైందా?" అంది గార్డు.

"లేదు. బాగుంది."

"తరవాత ఏం చెప్పాలో తోచలేదక్కా. ఇంకో ప్రశ్న వేసుంటే దొరికిపోయేదాన్ని."

"నాకైతే ఇంకా వినాలనిపించింది," అంది రికార్డమ్మ. అని, సిగ్గుపడి, మెట్లు దిగి కిందికి వెళ్లిపోయింది. మధ్యాహ్నమంతా పేరుకుపోయిన చీటీలకి ఫైళ్లు తీసి పంపింది. పై అంతస్తు నుంచి "ఇప్పటికి మేలుకున్నారా" అని చీటీ వచ్చింది. దాన్నీ మిగతా వాటితో పాటు గుచ్చి పెట్టింది.

ఆరింటికి అందరితో పాటు వరసలో నిలబడింది. కార్డు పెడితే ఈసారి పచ్చదీపం వెలిగింది. గేటు దగ్గర కుర్చీలో గార్డు ఉంది గానీ, ముందూ వెనకా జనం, ఆమె చూపు తెర మీదుంది. రికార్డమ్మ ఏమీ అనలేకపోయింది. జనం తోసుకుంటూ రోడ్డు మీదికి తెచ్చేశారు.

బస్టాపు రోడ్డుకి అవతల ఉంది. ఆమె బస్సు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది. ఎక్కలేదు. ఎందుకెక్కలేదో తనకే తెలియదు. బస్సు వెళ్లిపోయింది.

ఆఖరి మనిషి కార్డు పెట్టి బయటికొచ్చాడు. గేటు దగ్గరి తెర మీద అంకె మారడం ఇక్కడికి కూడా స్పష్టంగా కనబడింది. సున్నా. గార్డు కుర్చీలోంచి లేచి, టార్చి తీసుకుని లోపలికెళ్లింది.

రికార్డమ్మ రోడ్డు దాటి వెనక్కి వచ్చింది. పైనుంచి ఒక్కో అంతస్తులో కిటికీలు మూసుకుంటున్నాయి, దీపాలు ఆరిపోతున్నాయి. నాలుగు, మూడు, రెండు. చివర్న నేలమాళిగ గవాక్షంలో వెలుతురు కాసేపు అటూ ఇటూ కదిలింది. తెర మీద సున్నా అలాగే ఉంది. రికార్డమ్మ కమ్మీల బయట నిలబడి, గార్డు బయటికి వచ్చేదాకా చూస్తూనే ఉంది.